కుక్క గుండె మందులకు నెలకు ఏడు వేలు అవుతోంది, తగ్గించుకునే మార్గం ఉందా?

తెనాలి మాస్టారు:

సభ్యులందరికీ నమస్కారం. మా ఇంట్లో రాణి అనే తెల్ల స్పిట్జ్ ఉంది. వయసు పదకొండేళ్లు, బరువు 9 కిలోలు. పోయిన చలికాలంలో తెల్లవారుజామున దగ్గు మొదలైతే, గొంతులో ఏదో అడ్డం పడిందనుకొని రెండు వారాలు తాత్సారం చేశాను. ఒక రాత్రి అది పడుకోలేక, ముందు కాళ్లు ఎడంగా పెట్టి, మెడ చాచి, తెల్లవార్లూ కూర్చునే ఉండడం చూసి భయపడి విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకువెళ్లాను. ఎక్స్‌రే, ఎకో (గుండె స్కాన్) తీసి, గుండె ఎడమవైపు ఉండే మైట్రల్ కవాటం దళసరెక్కి సరిగా మూసుకోవడం లేదనీ, అందువల్ల రక్తం వెనక్కు కారి ఊపిరితిత్తుల్లో నీరు చేరిందనీ, వ్యాధి ఇప్పుడు ‘సి’ దశలో, అంటే గుండె విఫలమైన దశలో ఉందనీ చెప్పారు. మందులు మొదలుపెట్టిన నాలుగో రోజుకే అది మళ్లీ గేటు దాకా పరుగెత్తి పాలవాడిని పలకరించింది. కాబట్టి మందుల మీద నాకు ఎటువంటి అనుమానమూ లేదు.

నా ఇబ్బంది అంతా ఖర్చుతోనే. నేను ఉద్యోగ విరమణ చేసిన తెలుగు ఉపాధ్యాయుణ్ణి, పింఛను మీద బతుకుతున్నాను. పోయిన నెల బిల్లును ఉన్నది ఉన్నట్టుగా ఇక్కడ రాస్తున్నాను. పిమోబెండాన్ 1.25 మిల్లీగ్రాముల మాత్రలు పూటకు రెండు చొప్పున నెలకు 120, ఒక్కొక్కటి 40 రూపాయలు, మొత్తం 4,800. పశువుల కోసమే తయారైన బెనాజెప్రిల్ 840. ఒంట్లో నీరు దింపే మాత్రలు రెండు: ఫ్యూరోసెమైడ్ 60, స్పైరనోలాక్టోన్ 150. గుండెకు బలమని ఇచ్చిన ఒక సిరప్పు 620. చేపనూనె క్యాప్సూల్స్ 480. అన్నీ కలిపి 6,950 రూపాయలు. ఈ మందులు బతికినంత కాలం వాడాలన్నారు.

పిల్లలు డబ్బు పంపుతామంటున్నారు గానీ, ప్రతి నెలా వారి ముందు చేయి చాచడం నాకు ఇష్టం లేదు. మందు తగ్గించడం గానీ మానేయడం గానీ నా ఉద్దేశం కాదు. అదే మందును తక్కువ ఖర్చుతో వాడుకునే పద్ధతి ఏదైనా ఉంటే, అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

పటమట వాసి:

మాస్టారూ, నమస్కారమండీ. మా టామీ ఇదే జబ్బుతో ఇరవై ఆరు నెలలు మందుల మీద ఉంది. మొదటి నాలుగు నెలలు నేనూ మీలాగే బిల్లు చూసి గుండె పట్టుకున్నదాన్నే. ఆ తరువాత ఒక ఆదివారం కూర్చుని లెక్క కట్టాను. మీరు బిల్లు అంతా రాశారు కాబట్టి, అదే లెక్క మీ అంకెలతో చూపిస్తాను.

మీ బిల్లులో ఆరు వస్తువులు ఉన్నా, భారమంతా ఒక్కదాని మీదే ఉంది. 6,950లో 4,800 అంటే 69 శాతం పిమోబెండానే. ఫ్యూరోసెమైడ్ దగ్గర పది రూపాయలు మిగుల్చుకోవడం కోసం నాలుగు షాపులు తిరగడం వల్ల ప్రయోజనం లేదు. ఇప్పుడు ఆ మాత్ర ఖరీదును మిల్లీగ్రాము చొప్పున చూడండి. 1.25 మిల్లీగ్రాముల మాత్ర 40 రూపాయలంటే మిల్లీగ్రాము 32 రూపాయలు పడుతోంది. నేను కొన్నప్పుడు అదే కంపెనీ 5 మిల్లీగ్రాముల మాత్ర 88 రూపాయలు ఉండేది, అంటే మిల్లీగ్రాము 17 రూపాయల 60 పైసలు. మీ రాణికి పూటకు 2.5, రోజుకు 5 మిల్లీగ్రాములు వెళ్తున్నాయి. రోజుకు ఒక 5 మిల్లీగ్రాముల మాత్రను సగం చేసి, ఉదయం ఒక సగం, రాత్రి ఒక సగం వేస్తే నెలకు 30 మాత్రలు, 2,640 రూపాయలు సరిపోతాయి. మోతాదు చుక్క కూడా మారదు, మాత్ర సైజు మాత్రమే మారుతుంది.

మరి ఆసుపత్రిలో 1.25 ఎందుకు ఇచ్చారంటారా? మేము వెళ్లిన ఆసుపత్రిలో అయితే మోసమేమీ కాదు, వారి అలమరలో ఆ సైజు మాత్రమే ఉంది. చిన్న కుక్కలు ఎక్కువగా వస్తాయి కాబట్టి చిన్న మాత్రలే తెప్పిస్తారట. నేను అడిగిన తరువాత డాక్టరు గారు నవ్వి, చీటీ మీద “పిమోబెండాన్ 5 మి.గ్రా., అర మాత్ర, రెండు పూటలా” అని రాసిచ్చారు. అడగకపోతే ఇరవై ఆరు నెలలూ అలాగే కొనేదాన్ని.

రెండు జాగ్రత్తలు చెబుతాను. మధ్యలో గీత ఉన్న మాత్రనే విరవాలి, క్యాప్సూలు అయితే ఈ పద్ధతి కుదరదు. రెండోది, బ్లేడుతో కోయకండి. మెడికల్ షాపులో పిల్ కట్టర్ అని చిన్న ప్లాస్టిక్ పెట్టె దొరుకుతుంది, వంద రూపాయల లోపే. నేను మొదట కత్తిపీటతో ప్రయత్నించి, సగం మాత్ర ఫ్రిజ్ కిందకు ఎగిరిపోతే మోకాళ్ల మీద వెతుక్కున్నాను. అది నలభై నాలుగు రూపాయల ముక్క కదండీ!

కాకినాడ మందుల కొట్టు:

మాస్టారు గారికి నమస్కారం. నేను పంతొమ్మిదేళ్లుగా మెడికల్ షాపు నడుపుతున్నాను. మీ చీటీలోని మిగతా మందుల గురించి చెప్పగలను.

ఫ్యూరోసెమైడ్, స్పైరనోలాక్టోన్, అలాగే మీ బెనాజెప్రిల్ జాతికే చెందిన ఎనాలాప్రిల్ మనుషులకు వాడే మందులే. వీటికి కుక్క బొమ్మ ఉన్న పెట్టె అవసరం లేదు. ఫ్యూరోసెమైడ్ 40 మిల్లీగ్రాముల మాత్ర ప్రభుత్వం గరిష్ఠ ధర నిర్ణయించిన మందుల్లో ఉంది కాబట్టి, ఏ కంపెనీది కొన్నా పెద్ద తేడా రాదు. ప్రధానమంత్రి భారతీయ జన ఔషధి కేంద్రాల్లో ఈ రకం పాత మందులు బ్రాండు ధరలో సగానికంటే తక్కువకే దొరుకుతాయి. అయితే అన్ని కేంద్రాల్లోనూ అన్ని రోజులూ సరుకు ఉండదు. జన ఔషధి సుగమ్ అనే యాప్‌లో మందు పేరు కొట్టి ధర చూసుకొని, దగ్గరలోని కేంద్రానికి ఫోన్ చేసి ఉందో లేదో కనుక్కొని బయలుదేరితే ఆటో ఖర్చు మిగులుతుంది.

పశువైద్యుల చీటీ చూసి కొందరు షాపువారు “ఇది మనుషుల షాపండీ” అని తిప్పి పంపుతుంటారు. రిజిస్టరైన పశువైద్యుడు రాసిన చీటీకి మందు ఇవ్వవచ్చు. చీటీ మీద రిజిస్ట్రేషన్ నంబరు, బ్రాండు పేరు కాకుండా మందు అసలు పేరు, మిల్లీగ్రాములు స్పష్టంగా ఉండేలా రాయించుకోండి. జంతువు పేరు, బరువు కూడా ఉంటే మాకు ఇంకా సుఖం. ఎందుకంటే 9 కిలోల ప్రాణికి అని కనిపిస్తే మా కుర్రాళ్లు ఒకటికి రెండు సార్లు చూసి ఇస్తారు.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. ఫ్యూరోసెమైడ్ లేనప్పుడు “ఇదీ నీళ్ల మాత్రే, ఇంకా మంచిది” అని టోర్సెమైడ్ చేతిలో పెట్టేవారు ఉన్నారు. మనుషుల విషయంలోనే ఆ మార్పు డాక్టరు చెయ్యాలి. రెండూ నీరు దింపేవే గానీ, టోర్సెమైడ్ మిల్లీగ్రాముకు మిల్లీగ్రాము చూస్తే చాలా రెట్లు బలమైనది. అలాగే పేరు చివర ‘ప్లస్’ అనో, ‘హెచ్’ అనో ఉన్న మాత్రలు తీసుకోవద్దు. వాటిలో రెండో మందు కలిసి ఉంటుంది. రాణి ఇప్పటికే స్పైరనోలాక్టోన్ వాడుతుంటే, ‘ప్లస్’ మాత్రలో మళ్లీ అదే ఉండి రెండింతలు అయిపోవచ్చు.

పిమోబెండాన్ మాత్రం నా దగ్గర దొరకదు, జన ఔషధిలోనూ దొరకదు. అది పశువుల మందుల షాపు సరుకే.

చిత్తూరు జిల్లా పశువైద్యుడు:

పై ఇద్దరూ చెప్పినది చాలావరకు సరైనదే. రాణిని నేను చూడలేదు కాబట్టి, ఇక్కడ రాసేది మీ డాక్టరు గారితో మాట్లాడడానికి పనికివచ్చే సమాచారంగా మాత్రమే తీసుకోవాలని మనవి.

పిమోబెండాన్‌ను జపాన్‌లో మనుషులకు కూడా వాడతారు గానీ, మన దేశంలో అది కుక్కల మందుగానే ఉంది. అందుకే దానికి చవకైన మనుషుల మాత్ర అంటూ లేదు. ఇది గుండె కండరం ముడుచుకునే బలాన్ని పెంచుతూ, అదే సమయంలో రక్తనాళాలను వదులు చేసి గుండె మీద భారాన్ని తగ్గిస్తుంది. సాధారణంగా కిలో బరువుకు పూటకు 0.25 మిల్లీగ్రాములకు అటూ ఇటూగా, పన్నెండు గంటలకు ఒకసారి ఇస్తాము. 9 కిలోలకు 2.5 మిల్లీగ్రాములు ఆ పరిధిలోనే ఉంది కాబట్టి, 5 మిల్లీగ్రాముల మాత్రలో సగం అన్న లెక్క సరిపోతుంది. తిండికి సుమారు గంట ముందు, ఖాళీ కడుపున వేయాలి. చాలామంది పెరుగన్నంలో కలిపి పెడతారు. ఆహారంతో పాటు ఇస్తే మందు ఒంటికి పట్టడం తగ్గుతుంది. అంటే 88 రూపాయల మాత్ర కొని కొంత భాగాన్ని వృథా చేసుకున్నట్టే. ఖర్చు తగ్గించుకోవడంలో పైసా ఖర్చు లేని మొదటి మెట్టు ఇదేనని నా అభిప్రాయం.

బెనాజెప్రిల్ బదులు ఎనాలాప్రిల్ వాడవచ్చా అన్నది మీ డాక్టరు తేల్చవలసిన విషయం. రెండూ రక్తనాళాలను వదులు చేసే ఒకే జాతి మందులు. ఎనాలాప్రిల్ ప్రధానంగా మూత్రపిండాల ద్వారా బయటకు పోతుంది, బెనాజెప్రిల్ కొంత భాగం పైత్యరసం ద్వారా కూడా పోతుంది. క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చూపే రక్తపరీక్ష అంకె) ఎక్కువగా ఉన్న ముసలి కుక్కలకు కొందరు వైద్యులు బెనాజెప్రిల్‌నే ఎంచుకోవడానికి కారణం అదే. రాణి మూత్రపిండాలు బాగుంటే ఎనాలాప్రిల్‌కు మారడంలో పెద్ద ఇబ్బంది ఉండకపోవచ్చు. మందు మార్చిన వారం, రెండు వారాల లోపు క్రియాటినిన్, పొటాషియం పరీక్ష చేయించండి. ఈ పరీక్ష దగ్గర పొదుపు చేయకూడదు.

ఇంకొక మాట కూడా చెప్పాలి. పిమోబెండాన్, ఫ్యూరోసెమైడ్ వాడుతున్న కవాట వ్యాధి కుక్కలకు ఇదే జాతికి చెందిన రామిప్రిల్‌ను కలిపి ఇచ్చి చూసిన ఒక పరిశోధనలో అదనపు లాభమేమీ కనిపించలేదు. దాన్ని చూసి మందు మానేయమని నేను అనడం లేదు, కానీ “మా కుక్కకు ఇది ఎంత అవసరం?” అని మీ డాక్టరును అడగడంలో తప్పు లేదు. సిరప్పు గురించి మాత్రం నేను మొహమాటపడను. గుండెకు బలం అని చెప్పి అమ్మే సిరప్పుల్లో ఎక్కువ వాటికి ఈ జబ్బులో నిరూపితమైన ఉపయోగం లేదు, 620 రూపాయలు అక్కడే మిగుల్చుకోవచ్చు. చేపనూనెకు కొంత ఆధారం ఉంది, ముఖ్యంగా కుక్క చిక్కిపోతున్నప్పుడు, తిండి మీద ఇష్టం తగ్గినప్పుడు. రాణి బరువు నిలకడగా ఉంటే అది కూడా చర్చించదగినదే.

టోర్సెమైడ్ గురించి కాకినాడ వారు ఇచ్చిన హెచ్చరికకు అంకెలు కలుపుతాను. రోజుకు 40 మిల్లీగ్రాముల ఫ్యూరోసెమైడ్ తీసుకునే కుక్కకు టోర్సెమైడ్ సుమారు 2 నుంచి 4 మిల్లీగ్రాములు చాలు. 10 మిల్లీగ్రాముల మాత్రను అలవాటు ప్రకారం పొద్దున సగం, రాత్రి సగం వేస్తే ఏమవుతుందో మీరే ఊహించవచ్చు. ఒళ్లంతా ఎండిపోయి, మూత్రపిండాలు దెబ్బతిని వచ్చిన కుక్కను నేను చూశాను.

ఉప్పు గురించి కూడా అడగాలనుకుంటున్నాను. మాస్టారూ, రాణికి మీ కంచంలోంచి ఏమేమి వెళ్తున్నాయి?

తెనాలి మాస్టారు:

డాక్టరు గారూ, మీ ప్రశ్నకు నిజం చెప్పక తప్పదు. మాత్రలు మింగించడానికి మా ఆవిడ అప్పడం ముక్కలో చుట్టి పెడుతోంది. రాత్రి నా పెరుగన్నంలో చివరి ముద్ద దానిదే. అందులో ఉప్పుంటుంది, ఒక్కోసారి మాగాయ ఊట కూడా తగిలి ఉంటుంది. అది గుండె మందుకు ఎదురు వెళ్తుందని నాకు తోచనే లేదు.

చిత్తూరు జిల్లా పశువైద్యుడు:

ఆ అప్పడం వెంటనే ఆపించండి. ఉప్పు ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుంది, ఆ నీటిని దింపడానికే మీరు ఫ్యూరోసెమైడ్ ఇస్తున్నారు. ఒక చేత్తో పోస్తూ ఇంకొక చేత్తో తోడుతున్నట్టు అవుతుంది. పిమోబెండాన్‌ను ఉత్తగానే నోట్లో వేయడం అలవాటు చేయండి. నమలగలిగే రకం అయితే చాలా కుక్కలు దాన్ని బిస్కెట్టులాగే తినేస్తాయి. మిగతా మాత్రలను ఉప్పు వేయకుండా ఉడికించిన చికెన్ ముక్కలోనో, గుమ్మడికాయ ముద్దలోనో పెట్టవచ్చు. ఉల్లిపాయ తగలకుండా చూసుకోండి. రొట్టెలో, చీజులో, కొన్ని బిస్కెట్లలో కూడా ఉప్పు ఎక్కువే ఉంటుంది.

హనుమకొండ ల్యాబ్:

మాస్టారు గారూ, మందు ఆపే ఉద్దేశం లేదని మీరు రాశారు కాబట్టి మీకు ఈ మాట అవసరం లేకపోవచ్చు. కానీ చదివే మిగతావారి కోసం రాస్తున్నాను. మా ల్యాబ్రడార్ 32 కిలోలు. దానిది కవాటం జబ్బు కాదు, గుండె కండరం సాగి పలుచబడిన జబ్బు. పిమోబెండాన్ 5 మిల్లీగ్రాములవి పూటకు ఒకటిన్నర, నెలకు 90 మాత్రలు, దాదాపు 7,900 రూపాయలు అయ్యేది. ఒక నెల ఇంటి అద్దె, మా అమ్మాయి కాలేజీ ఫీజు కలిసి వచ్చినప్పుడు, ఎవరికీ చెప్పకుండా రాత్రి పూట మాత్ర మానేశాను. పైకి తేడా ఏమీ కనిపించకపోయేసరికి, ఇన్నాళ్లూ అనవసరంగా రెండు పూటలా వేశామని కూడా అనుకున్నాను. పదకొండో రోజు రాత్రి రెండు గంటలకు దాని రొప్పు మా గదిలోకి వినిపించింది. నాలుక నీలంగా మారింది. ఆక్సిజన్ గదిలో రెండు రోజులు ఉంచారు, బిల్లు 23,000 రూపాయలు. అంటే నేను పదకొండు పూటల మందు బదులు దాదాపు మూడు నెలల మందు ఖరీదు కట్టాను. అదృష్టం బాగుండి అది బతికి బయటపడింది.

ఆ తరువాత అక్కడి డాక్టరమ్మ గారు నేర్పిన పని ఒక్కటే, ఊపిరి లెక్కపెట్టడం. కుక్క గాఢనిద్రలో ఉన్నప్పుడు, కలగంటూ కాళ్లు కదిలించే సమయంలో కాకుండా, ఛాతీ ఒకసారి లేచి పడితే ఒకటి అని అర నిమిషం లెక్కపెట్టి రెండుతో గుణించాలి. నిమిషానికి 30 లోపు ఉంటే నిశ్చింత. మాది 18, 20 ఉండేది. పాల లెక్క రాసే క్యాలెండరు మీదే ఆ అంకె వేసేవాణ్ని. ఒకసారి వరుసగా 26, 29, 34 వచ్చింది. వెంటనే ఫోన్ చేస్తే ఫ్యూరోసెమైడ్ మోతాదు పెంచమన్నారు, మరునాటి సాయంత్రానికి 22కు దిగింది. ఆసుపత్రికి పోవలసిన పని పడలేదు.

ధర విషయంలో నేను చేసినది ఏమిటంటే, రెండు నెలల డబ్బు ముందే కట్టి, పెట్టె మొత్తం తెప్పించమని మా క్లినిక్‌ను అడిగాను. వారు ముద్రించిన ధర మీద 12 శాతం తగ్గించారు. గడువు తేదీ చూసుకొని తీసుకోవాలి. ఆన్‌లైన్‌లో ఒకచోట బాగా తక్కువకు వస్తోందని కొంటే, రెండు నెలల గడువు మాత్రమే ఉన్న అట్టలు వచ్చాయి. వాపసు తీసుకోలేదు.

బేగంపేట డాక్స్‌హండ్:

మధ్యలో దూరుతున్నందుకు మన్నించాలి. మా ఎనిమిదేళ్ల డాక్స్‌హండ్‌కు టీకా వేయించేటప్పుడు గుండెలో మర్మర్ (గుండె చప్పుడులో అదనపు శబ్దం) వినిపిస్తోందన్నారు. దగ్గు లేదు, ఆయాసం లేదు. ముందు జాగ్రత్తగా పిమోబెండాన్ మొదలుపెడదామా అని అడిగారు. ఈ ఖర్చు చూస్తుంటే భయమేస్తోంది. ఇప్పటినుంచే వాడాలా?

చిత్తూరు జిల్లా పశువైద్యుడు:

మర్మర్ వినిపించినంత మాత్రాన మందు మొదలుపెట్టనవసరం లేదు. ఎకో తీయించాకే నిర్ణయం తీసుకోవాలి. అమెరికా పశువైద్య నిపుణుల సంస్థ ఏసీవీఐఎం 2019లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం, కవాటంలో లోపం ఉండి గుండె పెరగకుండా ఉంటే అది ‘బి1’ దశ, ఆ దశలో మందు అవసరం లేదు, ఆరు నెలలకో ఏడాదికో తిరిగి చూడడమే. ఎడమ కర్ణిక వెడల్పు బృహద్ధమనితో పోలిస్తే 1.6 రెట్లు గానీ అంతకు మించి గానీ ఉండి, ఎడమ జఠరిక కూడా పెరిగి, మర్మర్ తీవ్రత ఆరింట మూడు లేదా ఆ పైన ఉంటే ‘బి2’. అప్పుడు లక్షణాలు లేకపోయినా పిమోబెండాన్ మొదలుపెట్టమంటారు. 2016లో వెలువడిన ఎపిక్ అనే అధ్యయనంలో, ఈ దశలో మందు తీసుకున్న కుక్కల్లో గుండె విఫలం కావడం సగటున సుమారు 15 నెలలు వెనక్కు జరిగింది. ‘బి1’లో ఉన్న కుక్కకు ఏడాది పాటు మందు కొనడం కంటే ఒక్క ఎకో చవక. ప్రైవేటులో ఎకో భారమనుకుంటే, హైదరాబాదు వారికి రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, కృష్ణా, గుంటూరు వారికి గన్నవరం, మా వైపు వారికి తిరుపతి. బోధనాసుపత్రుల్లో రుసుము తక్కువ. అయితే ఎకో ఏ రోజుల్లో తీస్తారో ముందుగా ఫోన్ చేసి కనుక్కొని వెళ్లండి, రద్దీ బాగా ఉంటుంది.

డాలస్ నుంచి:

మా వదిన గారు ఏలూరులో ఇదే మందు వాడుతూ, అమెరికా నుంచి పంపితే చవక అవుతుందేమోనని నన్ను అడిగారు. కాదండీ. ఇక్కడ పిమోబెండాన్‌కు 2007లోనే అనుమతి వచ్చినా, అది పశువైద్యుడి చీటీ లేకుండా ఇవ్వరు, ఆ చీటీ రాయాలంటే వైద్యుడు కుక్కను స్వయంగా పరీక్షించి ఉండాలి. ఏలూరులో ఉన్న కుక్కకు ఇక్కడ చీటీ రాదు. ఇక్కడే కుక్క ఉన్న తెలుగువారికి మాత్రం ఒక మాట. క్లినిక్‌లోనే కొనకుండా చీటీ రాయించుకొని కాస్ట్‌కో వంటి ఫార్మసీలో ధర అడగండి, ఫ్యూరోసెమైడ్, ఎనాలాప్రిల్‌లకు మనుషుల ఫార్మసీ డిస్కౌంట్ కార్డులు కూడా పనికివస్తాయి. బీమా సంగతి అయితే, జబ్బు బయటపడిన తరువాత తీసుకున్న పాలసీ ఆ జబ్బుకు వర్తించదు. ఇది అక్కడా ఇక్కడా ఒకటే.

తెనాలి మాస్టారు:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఆరు వారాల తరువాత తిరిగి రాస్తున్నాను.

మీరు చెప్పినవన్నీ ఒక కాగితం మీద రాసుకొని మా డాక్టరు గారి దగ్గరకు వెళ్లాను. కాగితం తీసేసరికి ఆయన కాస్త చిరాకు పడతారేమోనని జంకాను గానీ, ఆయన కుర్చీ దగ్గరకు లాక్కొని ఒక్కొక్కటీ చదివారు. రక్తపరీక్షలో క్రియాటినిన్ మామూలుగానే ఉండడంతో ఎనాలాప్రిల్ 5 మిల్లీగ్రాములు రెండు పూటలా రాసి, పదో రోజు మళ్లీ పరీక్ష చేయించారు. అదీ బాగానే వచ్చింది. సిరప్పు ఆపేయమన్నారు, చేపనూనె ఉంచమన్నారు, ఎందుకంటే రాణి గత వేసవి కంటే అరకిలో తగ్గింది. కొత్త నెల బిల్లు ఇలా ఉంది. పిమోబెండాన్ 5 మిల్లీగ్రాములవి ముప్పై, 2,640. ఎనాలాప్రిల్ 120. ఫ్యూరోసెమైడ్ జన ఔషధిలో 30. స్పైరనోలాక్టోన్ అక్కడే 90. చేపనూనె 480. మొత్తం 3,360 రూపాయలు. రక్తపరీక్షలకు ఈసారి అదనంగా ఖర్చయింది గానీ అది ప్రతి నెలా ఉండేది కాదు.

అప్పడాలు బంద్. మొదటి మూడు రోజులు రాణి మా ఆవిడ వైపు చూసిన చూపు నేను వర్ణించలేను. నిద్రలో ఊపిరి 22 దగ్గర నిలకడగా ఉంది, నేనూ క్యాలెండరు మీదే వేస్తున్నాను.

ఒక చిన్న చిక్కు మిగిలింది. పిల్ కట్టర్ కొన్నాను, అయినా నాలుగైదు మాత్రలకు ఒకటి సరిగ్గా మధ్యకు తెగకుండా ఒక ముక్క పెద్దది, ఒకటి చిన్నది అవుతోంది. అప్పుడు ఆ మాత్రను పారేయాలా? 88 రూపాయలు చెత్తబుట్టలో వేయడానికి చేయి రావడం లేదు.

పటమట వాసి:

పారేయకండి మాస్టారూ. పెద్ద ముక్క పొద్దున, చిన్న ముక్క అదే రోజు రాత్రి వేసేయండి. ఆ రోజుకు చేరవలసిన 5 మిల్లీగ్రాములు చేరిపోతాయి, మా డాక్టరు గారు అప్పట్లో నాకు చెప్పిన పద్ధతి ఇదే. ఒకేసారి పది మాత్రలు విరిచి డబ్బాలో పోసి పెట్టుకోకండి, ఏ ముక్క దేనికి జతో తెలియకుండా పోతుంది, మన కోస్తా గాలికి చెమ్మ కూడా పడుతుంది. ఏ రోజు మాత్ర ఆ రోజు విరిచి, మిగిలిన సగాన్ని అదే అట్టలోకి తోసి రేకు మడిచి పెట్టండి.

ఇంకొకటి. టామీ పోయినప్పుడు మా ఇంట్లో విప్పని అట్టలు నాలుగు మిగిలాయి, నలభై మాత్రలు. వాటిని మా డాక్టరు గారి చేతికే ఇచ్చాను, గడువు చూసి ఆయన అవసరమైన వారికి ఇచ్చారు. మీ ఆసుపత్రిలోనూ అలా ఇచ్చి వెళ్లేవారు ఉంటారు. మీ ఫోన్ నంబరు, రాణికి కావలసిన సైజు అక్కడి కాంపౌండరు దగ్గర రాయించి పెట్టండి.

చిత్తూరు జిల్లా పశువైద్యుడు:

ముక్కల విషయంలో పై పద్ధతి సరైనదే, ఆ మాత్రం హెచ్చుతగ్గు వల్ల ఇబ్బంది రాదు. బరువును నెలకోసారి చూడండి. రాణి 8 కిలోల కిందకు దిగినా, 10 దాటినా మోతాదు మళ్లీ లెక్క కట్టాలి.